తెరకు పద్నాలుగు అంగలు

పుస్తకం చేతికి రాగానే నేను ముందు చివరి పుట తిప్పుతాను. కథ ఎట్లా ముగిసిందోనన్న ఆత్రం నాకు లేదు. పుటలెన్నో తెలియాలి. ఆ సంఖ్యను నాకున్న రోజులతో భాగిస్తే రోజుకు ఎన్ని చదవాలో తేలుతుంది. అది తేలిన తర్వాతే మొదటి పుటకు వస్తాను. పన్నెండు అని తేలితే పన్నెండే. పన్నెండో పుట చివర కథానాయిక బావిలోకి దూకబోతున్నా సరే, పుస్తకం మూసి గూట్లో పెట్టి, మర్నాటి దాకా ఆమెను ఆ గట్టుమీదే నిలబెడతాను.

ఇది పనిలోంచి వచ్చిన అలవాటు. నేను బడికి వెళ్ళింది నాలుగు నెలలు. మిగతా లెక్కలన్నీ అంగళ్ళ అరుగుల మీద, గోడలు కట్టేవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నవే. ఇప్పుడు సిద్దిపేటలో ఎవరు గోడ పెట్టినా ఇటుకలెన్ని పడతాయని నన్నే అడుగుతారు. వడ్ల కుప్ప చుట్టూ ఒకసారి నడిచి ఎన్ని పుట్లో చెప్పగలను. వేములఘాట్‌లో ఒక బావి విషయంలో మాత్రం తప్పాను. ఎంత లోతు, ఎంత మట్టి, ఎంతమందికి ఎన్ని రోజుల పని, అన్నీ చెప్పాను. అడుగున బండ ఉంటుందేమోనని మాత్రం అడగలేదు. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే చేత్తో బండ ఆకారం చూపించి నవ్వుతారు.

నా చదువుకు వినేది ఒక్కరే, మా అక్క. నాకంటే పదమూడేళ్ళు పెద్దది. నాకు మూడేళ్ళప్పుడు మమ్మల్ని కన్న అవ్వ పోతే అక్కే పెంచింది. బావ పోయిన తర్వాత మా ఇంటికి వచ్చేసింది. ఆమెకు అక్షరం రాదు కాని కథ చెవిన పడితే ఒక్క మాట మరచిపోదు. యుద్ధం వచ్చినప్పటినుంచి కిరసనాయిలు దొరకడం లేదు కనుక మా చదువంతా మధ్యాహ్నమే. నేను గడపలో వెలుతురు పడేచోట కూర్చుంటాను, అక్క ఎదురుగా చింతపండు గింజ తీస్తూ వింటుంది.

మా ఊళ్ళో గ్రంథాలయమంటే రెండు బీరువాలున్న ఒక కిరాయి గది. అక్కడ నేను పుస్తకం ఎంచుకునే పద్ధతి ఇది. మొదటి పుట పెదవులు కదుపుతూ చదువుతాను. ఒక్క ఊపిరిలో ముగించలేని వాక్యాలు మూడుకు మించితే తిరిగి బీరువాలో పెట్టేస్తాను. ఈ లెక్కలో పెద్ద పెద్ద పండితులే తప్పిపోయారు. నీతిపుస్తకాలు చిన్న వాక్యాలతోనే ఉంటాయి కాని, నాలుగో పుటకు అక్క గురక పెడుతుంది. మూడు నీతిపుస్తకాల మీద చూశాను, నాలుగో పుట దాటలేదు. అందుకని నవలలే తెస్తున్నాను. వాటిమీద అక్కకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే.

"గీ పుస్తకాలల్ల ఎవ్వలు బువ్వ తినరేందిరా? నూటయాబై పుటలాయె. ఏడుస్తున్రు, లేఖలు రాస్తున్రు, చెట్ల కింద నిలబడుతున్రు. ఒక్కడన్న కూరేందని అడిగిండా?"

నేను వెనక్కి తిప్పి చూశాను. నిజమే, ఎవరూ తినలేదు. నూటనలభై రెండో పుటలో ఒకాయన మంచినీళ్ళు తాగాడు, అంతే.

క్రితం ఏడాది చలికాలంలో అక్క చింతపండులో గింజలు వదిలేయడం మొదలుపెట్టింది. మా ఇంటామె రెండు రోజులు ఊరుకుని మూడోనాడు పులుసులోంచి గింజ తీసి నా కంచం అంచున పెట్టింది. నేను అక్కను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కండ్లు రెండూ తెరిచి చూశాడు.

"మోతిబిందు, కంటి పొర. ఇంక కచ్చా ఉన్నది. పక్కా కానియ్యి, అప్పుడు పట్నం తీస్కపో, తీసేస్తరు."

"అప్పటిదాక?" అన్నాను.

"అప్పటిదాక రోజురోజుకు మసక. ఏం కనబడనప్పుడు రా."

ఇంటికి వచ్చే దారిలో అక్క కమాన్ ద్వారం దగ్గరికి వచ్చాక ఆగి, "తమ్మీ, సినిమా అంటరు గద, గది నేను సూడలే," అంది. "పట్నంల కండ్లు మంచిగైతయో కావో. గవి పోకముందు ఒక్క ఆట సూడాలె. మల్లేమి అడగ నిన్ను."

మాఘంలో గజ్వేల్ వైపు నుంచి డేరా సినిమా వచ్చింది. ఊరి బయట కోసిన చేలో గుడారం వేశారు. ఇంకెవరైనా అయితే ఆ సాయంత్రమే అక్కను వెంటబెట్టుకుపోయేవాడు. నేను అట్లా పోలేను. ఒక్క ఆటే అన్నది కనుక, ఏ ఆటో, ఎక్కడినుంచి చూడాలో ముందు తేలాలి.

మొదట చూపు కొలవాలి. వాకిట్లో అక్కను నిలబెట్టి, నేను అంగలు లెక్కపెడుతూ వెనక్కి నడిచి వేళ్ళు చూపించాను. ముప్ఫై అంగల నుంచి కూడా సరిగ్గా చెప్పింది. వారం తర్వాత చూస్తే ముప్ఫయ్యే. ఇంకో వారానికీ ముప్ఫయ్యే. పొర పెరగడం ఆగిపోయిందని సంతోషంతో డాక్టరుకు చెప్పబోతుంటే మా ఇంటామె పక్కున నవ్వింది.

"వదినె, చెప్పరాదు నీ తమ్మునికి, పాపం."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వెప్పుడు మొదలు రెండు, గాన్నుంచి అయిదు, గాన్నుంచి మూడు సూపిస్తవు. సూసుడెందుకురా గంతదానికి?"

"మరి వేళ్ళు కనబడుతలేవా?"

"నువ్వే కనబడుతలేవు."

మూడు వారాల లెక్క గంగపాలైంది. కొత్త పద్ధతి పెట్టాను. గోడకు తెల్ల ధోవతి కట్టి, దాని ముందు మా ఇంటామెను నిలబెట్టి, ఇష్టం వచ్చిన పని చేసి చూపించమన్నాను. అక్క ఏం చేస్తున్నదో చెప్పాలి. ఇరవై అంగల దగ్గర అక్క, "ఏదో ఊగుతున్నది," అంది. పదిహేను దగ్గర, "తల దువ్వుకుంటుందో, తల కొట్టుకుంటుందో తెల్వది," అంది. "రెండు ఒకటే, ఈ ఇంట్ల," అని మా ఇంటామె గోడ దగ్గరినుంచే జవాబిచ్చింది. పద్నాలుగు అంగల దగ్గర మాత్రం అక్క ఉలిక్కిపడి, "ఏందే, నన్ను ఎక్కిరిస్తున్నవా?" అంది. మా ఇంటామె నిజంగా వెక్కిరిస్తూనే ఉంది. పద్నాలుగు ఖాయమైంది.

తర్వాత ఆట. డేరాకు వచ్చిన ప్రతి సినిమానూ మొదటిరోజు నేనొక్కణ్ణే పోయి చూసి వచ్చాను. జనం పాటలు వినడానికి, కత్తియుద్ధాలు చూడడానికి వస్తారు. నేను వెలుతురు లెక్కపెట్టడానికి పోయాను. మొదటి సినిమాలో పదమూడు రీళ్ళకు ఏడు రీళ్ళు అడవిలోనో చెరసాలలోనో గడిచాయి. పాటలు బాగున్నాయన్నారు, కాని చీకట్లో పాటకు అక్క అంతదూరం పోవలసిన పని లేదు. అది వదిలేశాను. రెండో సినిమాలో వెలుతురు ధారాళంగా ఉంది గాని మనుషులు బొటనవేలంత. ఎప్పుడు చూసినా ఒక పెద్ద కోట, కోట కింద చీమల్లాగా సైన్యం. దాన్నీ వదిలేశాను. పక్కన కూర్చున్నాయన కళ్ళు తుడుచుకుంటూ నావైపు చూసి, "ఏంది పెద్దమనిషీ, తల్లి సస్తుంటె వేళ్ళు లెక్కవెడుతున్నవు?" అన్నాడు. మొహాలు ఎన్నిసార్లు పెద్దగా కనబడ్డాయో లెక్కపెడుతున్నానని చెబితే ఆయన లేచి వేరే జాగ చూసుకున్నాడు.

ఈలోగా ఫాల్గుణం దాటింది. అక్క గడప తగిలి రెండుసార్లు తూలింది. నేను గోడ దగ్గర మళ్ళీ కొలుస్తానంటే రానంది.

"నీ లెక్క తెగేసరికి నా కండ్లు తెగుతయి."

నాకూ లోపల అదే భయం. కాని తప్పుడు ఆటకు తీసుకుపోయి, ఆ ఒక్కటీ మసకలో పోతే? ఆ పాపం నా లెక్కది అవుతుంది.

మూడో సినిమాతో గట్టెక్కాను. ఒక జమీందారు బిడ్డ బీద ఇంటికి కోడలిగా పోవడం కథ. అందరూ తెల్లబట్టలే. ఇల్లు, వాకిలి, ఎండ. మొహాలు తెరనిండా. అన్నిటికంటే ముఖ్యం, ఎనిమిదో రీలులో ఆ పిల్ల మూడురోజుల పస్తు తర్వాత కూర్చుని అన్నం తింటుంది. తెరమీద పెద్దగా, తీరుబడిగా, పదకొండు ముద్దలు. ఎనిమిదో రీలు అవగానే నేను లేచి డేరా వాకిట్లో టికెట్లు చించే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"రేపు మా ఇంటి ఆడవాళ్ళు వస్తరు. ఒకామెకు చూపు తక్కువ. తెరకు పద్నాలుగు అంగల దూరంల జాగ కావాలె."

"పద్నాలుగు?" అన్నాడు.

"పదమూడున్నర పర్వాలేదు. పదిహేను వద్దు."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఇస్త. నువ్వే కొలిచి గుంజ పాతుకో, మాకేంది," అన్నాడు. నేను మొగవాళ్ళవైపు కొలిచి చూపించాను. ఆడవాళ్ళవైపు తన మనిషి చేత అంతే కొలిపిస్తానన్నాడు. వాళ్ళ వాకిలి వేరు, వెనక సందులోంచి. అటు మొగవాళ్ళు పోకూడదు. చుట్టూ కనాతు గుడ్డ కట్టి ఉంటుంది.

మర్నాడు పొద్దువాలేసరికి అక్క పెట్టెలోని మడత చీర కట్టుకుంది. నేను వాళ్ళిద్దరినీ వెనక వాకిలి దాకా దిగబెట్టి ఇటు వచ్చి కూర్చున్నాను. ఆ సినిమా రెండోసారి చూడడం నాకు పరీక్షలా అయింది. ఒక్కొక్క రీలు మార్చి దీపం వెలిగించినప్పుడల్లా కనాతు వైపు చెవి పెట్టాను. ఆడవాళ్ళ మాటలు గలగలా వినిపిస్తున్నాయి గాని అక్క గొంతు తెలియలేదు. ఎనిమిదో రీలు వచ్చింది. పిల్ల అన్నం ముందు కూర్చుంది. నేను ముద్దలు లెక్కపెట్టాను. పదకొండు. కనాతు అవతల ఒక్కసారిగా అందరూ ఏదో అన్నారు.

ఆట విడిచాక సందు చివర కలిశాం. "అక్కా, కనబడ్డదా?" అన్నాను.

అక్క మా ఇంటామె చెయ్యి పట్టుకుని తల వంచుకుని నడుస్తోంది. నేను మళ్ళీ అడగలేకపోయాను. మూడు నెలలు. మాఘంలో చీకటి సినిమాకే తీసుకుపోయి ఉంటే ఆరు రీళ్ళయినా చూసేది. ఇంటిదాకా అక్క అంగలు లెక్కపెడుతూ నడిచాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

ఇంట్లో అన్నం పెట్టుకున్నాక అక్క ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా ఆగింది.

"తమ్మీ, నీకు నాలుగేండ్లప్పుడు ఎడమ చేతితోటి తింటుంటివి. యాదికున్నదా?"

"లేదు."

"నాకున్నది. వద్దురా అంటె ఇనకపోతివి. శెయ్యి ఎనకకు కట్టిన. గరిటె కాల్సి వాత పెట్టిన." ముద్దను కంచంలోకి వదిలేసింది. "గిప్పుడు సూస్తె, గంత పెద్ద జమీందారు బిడ్డ, తెర మీద, లోకమంత సూడంగ ఎడమచేతితోటే బువ్వ తిన్నది. ఒక్కలన్న వద్దనలే. గామె అత్త సుత వడ్డించుకుంటనే ఉన్నది. నిన్ను నేను ఊకెనే కాల్సిన గదరా?"

నా మణికట్టు మీద గోరంత మచ్చ ఒకటి ఉంది. దెబ్బ ఎట్లా తగిలిందో నేనెప్పుడూ అడగలేదు.

అప్పుడు నేను చేయవలసింది అక్క చెయ్యి పట్టుకోవడం. దానికి బదులు లెక్కల మనిషినై, "కుడి చెయ్యక్కా," అన్నాను. "నేను రెండుసార్లు చూసిన. పదకొండు ముద్దలు, అన్నీ కుడిచేత్తోనే." మనసులో మాత్రం చల్లబడిపోయాను. కుడి ఎడమలు తేలనంత మసకలో చూసిందన్నమాట.

"ఎడమ," అంది అక్క.

"ఎడమనే," అంది మా ఇంటామె, మంచినీళ్ళ చెంబు పెడుతూ. ఆమె కళ్ళకు ఏ జబ్బూ లేదు. "సినిమాల అందరు గట్లనే తింటరు. పోయినేడు సుత సూసిన. తాళి కట్టుడు, దండం పెట్టి అచ్చింతలేసుడు, అన్ని ఎడమతోటే. పట్నపోళ్ళకు నడుస్తది. మేమందరం ఎప్పుడో అనుకున్నం."

"మీరందరు అంటే?"

"ఊరి ఆడోళ్ళందరు."

నేను ఒక్కణ్ణి, వాళ్ళు ఊరిలో సగం. నా పదకొండు ముద్దలు ఏ తక్కెడలోనూ తూగలేదు.

మర్నాడు మధ్యాహ్నం గడపలో కూర్చుని పుస్తకం తీశాను. ఇద్దరికీ మనసు లేదు. యుద్ధం రోజుల కాగితం ఉల్లిపొరలాగా ఉంటుంది. నేను ఒక పుట తిప్పబోయి మధ్యలో ఆపి, అక్కవైపు చూశాను. వెనకనుంచి ఎండ ఆ కాగితంలోకి దూరింది. అవతలి పక్క అక్షరాలు ఇటు కనబడ్డాయి. అన్నీ తిరగబడి. ఎడమనుంచి కుడికి పోవలసినవి కుడినుంచి ఎడమకు.

నేను పుస్తకం గడపలోనే పడేసి డేరా దగ్గరికి పోయాను. పరుగెత్తలేదు గాని, ఆ దారికి నాకు మామూలుగా పట్టే అంగల్లో సగమే పట్టాయి. టికెట్ల ఆయన గుంజకు ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఆడవాళ్ళు ఎక్కడ కూచుంటరు?"

"తెరెనక."

"పక్కన కాదా?"

"పక్కన జాగేది? గుడ్డ పల్చగున్నది, రెండు దిక్కుల కనబడుతది. మొగోళ్ళు ఇటు, ఆడోళ్ళు అటు. ఎవల మొకం ఎవలు సూసుకునే పనిలేదు. ఎన్నేండ్లసంది నడుస్తుంది, ఎవలేమనలే." చుట్ట దులిపాడు. "పద్నాలుగు అంగలే కొలిసిచ్చినం పెద్దమనిషీ. తక్కువైనాయా?"

"తక్కువ కాలేదు. వెనక అని నాకు చెప్పలేదు."

"నువ్వు దూరమడిగితివి. దిక్కు అడగకపోతివి."

వేములఘాట్ బండ మళ్ళీ తగిలింది. ఈసారి అది గుడ్డతో చేసిన బండ. ఆ సినిమాను ఇంకొక్కరోజు ఆడించమని, అక్కను ముందువైపు ఒక మూల కూర్చోబెట్టనిమ్మని బతిమాలాను. రీళ్ళ పెట్టె పొద్దుగాలే బస్సెక్కిందన్నాడు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. అర్థం కావడానికి ఆ పుటనే ఎండకు పట్టి, మా ఇంటామెను అటు ఒకసారి ఇటు ఒకసారి నిలబెట్టాను. ఆమెకు చదువు రాదు గనక రెండువైపులా ఒకేలాగున్నాయంది. చివరికి చీకటిపడ్డాక ధోవతి కట్టి, దాని వెనక ఆముదపు దీపం పెట్టి, నేను దీపానికీ గుడ్డకూ నడుమ కూర్చుని అన్నం తిన్నాను. దీపం వైపునుంచి ఒకసారి, గుడ్డ అవతలినుంచి ఒకసారి నీడను చూశాక ఆమె నవ్వుతూ కూలబడింది. "ఓ వదినె! గన్నేండ్లు పట్నపోళ్ళను ఊకెనే తిట్టినమే!"

అక్క తన కుడిచేతిని, ఎడమచేతిని ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించింది.

"అంటె గామె కుడిచేతితోటే తిన్నది."

"అవునక్కా."

"నాకు ఎడమ కనబడ్డది నిజమే."

"నిజమే. నీ కండ్లు బాగా చూసినయి. నాకంటే బాగా చూసినయి."

"గట్లయితె ఆట సూసినట్టే," అంది అక్క. తర్వాత చెయ్యి చాపి గాలిలో వెతికి నా ఎడమ మణికట్టు పట్టుకుని, బొటనవేలితో ఆ మచ్చ ఎక్కడుందో తడిమింది. "నిన్ను కాల్సుడు గూడ నిజమే. సినిమా తిరగేస్తె గది తిరగబడుతదా?"

నా లెక్కల్లో దానికి పద్ధతి లేదు.

ఇది రాస్తున్నది ఆశ్వయుజంలో. వానలు మొదలుకాకముందే డేరా ఎత్తేశారు. అక్కకు ఇప్పుడు గడపలో వెలుతురు తప్ప ఏమీ కనబడదు. పొర పక్కా అయిందని డాక్టరు అన్నాడు. పండుగ దాటగానే పట్నం పోతున్నాం. అంతలో ముగించాలని నూటతొంభై రెండు పుటల నవల ఒకటి తెచ్చి, రోజుకు పన్నెండు చొప్పున చదువుతున్నాను. ఈసారి ఎంచుకున్న పద్ధతి వేరు. గ్రంథాలయంలో నిలబడి, అన్నం తినే పుటలు ఎన్ని ఉన్నాయో ముందే వెతికాను. ఆరు దొరికాయి.

నిన్న మొదటిది వచ్చింది. కథానాయకుడు ఊరినుంచి ఊరికి నడిచి, ఎవరో తెలియని ఇంట్లో కూర్చుని తిన్నాడు. అక్క చింతపండు పక్కకు జరిపింది.

"ఏ శెయ్యి?"

నేను ఆ పుట పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివాను. "రాయలేదక్కా."

"పోనియ్యి," అంది అక్క. "రాయనిదానికి మనకేం పంచాది? కడుపు నిండిందో లేదో గది సూడు."

పన్నెండు పుటలు అక్కడికి అయిపోయాయి. అయినా తిప్పాను.